మా గల్లీ గెజిటెడ్ సాబ్

యూసుఫ్ భాయ్ నా గడ్డానికి సబ్బు నురగ పట్టించి, కత్తి తీయాల్సిన చేత్తో ఫోను తీశాడు. ఉప్పుగూడ స్టేషన్‌కి పోయే దారిలో ఉంది ఆయన సెలూన్. ఇరవై ఏళ్లుగా నా గడ్డం ఆయన చేతిలోనే ఉంది, కానీ నన్నిలా మధ్యలో కూర్చోబెట్టడం ఎప్పుడూ లేదు.

"శీనన్నా, జర గిది చూడు. పొద్దుగాల సంది పదిసార్లు చూసిన. నవ్వి నవ్వి కడుపు నొస్తుంది" అన్నాడు.

ఫోనులో ఎవడో సఫారీ సూటు వేసుకుని, ముక్కు చివర కళ్లజోడు పెట్టుకుని, పచ్చ ఇంకు పెన్ను పట్టుకుని బల్ల వెనక కూర్చున్నాడు. ఎదురుగా ఇంకొకడు కాగితాలు పట్టుకుని వణుకుతున్నట్టు నటిస్తున్నాడు. "ఒరిజినల్ ఏదిరా? ఒరిజినల్ లేకుంట సంతకమా?" అని మొదటివాడు గదమాయించగానే వెనక నుంచి నవ్వులు, ఈలలు. చివర్లో ఒక అసలు ఫొటో వచ్చింది. మా గల్లీలో పంద్రాగస్టుకి తీసిన ఫొటోలోంచి ఎవరో కత్తిరించారు. జెండా తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు మా గెజిటెడ్ సాబ్. పక్కన ఒక భుజం కూడా పడింది. ఆ భుజం నాది.

నురగతోనే కుర్చీలోంచి లేచాను. ఆయన పోయి నాలుగు నెలలు కూడా కాలేదు.

"క్యా ఆద్మీ థా!" అంటున్నాడు యూసుఫ్ భాయ్. "ముప్పై ఏండ్లు అన్నా! నాకు డౌట్ రాలే, నీకు రాలే, పెద్ద పెద్ద ఆఫీసులకు రాలే. దిమాగ్ అంటె గది. కూసో, గడ్డం గీస్త."

కూర్చున్నాను. అద్దంలో నా ముఖం నాకే కొత్తగా కనిపించింది.

ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లని మా గల్లీలో నేను చూడలేదు. తెలుగువాళ్లకి గెజిటెడ్ సార్, ఉర్దూవాళ్లకి గెజిటెడ్ సాబ్, పోను పోను అందరికీ సాబే అయ్యాడు. పొట్టి మనిషి. బూడిదరంగు సఫారీ సూట్లు రెండే ఉండేవి, కానీ వాటి మడత నలగడం ఎవరూ చూడలేదు. పొద్దున్న తొమ్మిదికి ఒక చేతిలో తోలు సంచి, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కేవాడు. సాయంత్రం ఆరున్నరకి దిగేవాడు. ఏ ఆఫీసు సార్ అని నేనొకసారి అడిగాను. "డైరెక్టరేట్" అని కళ్లజోడు పైనుంచి నావైపు చూశాడు. ఏ డైరెక్టరేటో అడిగే ధైర్యం నాకు చాలలేదు. నేనూ ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తానే, అయినా చాలలేదు.

ఇప్పటివాళ్లకి చెబితే నవ్వుతారు. అప్పట్లో మన మార్కుల జాబితా మనదేనని మనం చెబితే చెల్లేది కాదు. దాని జిరాక్సు మీద ఒక గెజిటెడ్ అధికారి పచ్చ ఇంకుతో సంతకం చేసి, పేరూ హోదా ఉన్న స్టాంపు వేస్తేనే దరఖాస్తు తీసుకునేవారు. ఉద్యోగానికీ అంతే, స్కాలర్‌షిప్పుకీ అంతే, కాలేజీ సీటుకీ అంతే. మా ఉప్పుగూడ, జహనుమా వైపు ఉండేది కూలీలు, గుమాస్తాలు, చిన్న దుకాణాలవాళ్లు. మాకు అధికారులెక్కడ తెలుస్తారు? ఏదో ఒక ఆఫీసు మెట్ల మీద పూటంతా నిలబడి, బంట్రోతు కసుర్లు తిని, రేపు రమ్మనిపించుకుని తిరిగి రావడమే. అలాంటిది మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఒక గెజిటెడ్ అధికారి ఉన్నాడంటే మాకు అంతకంటే ఏం కావాలి?

ఆదివారం తప్ప రోజూ పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆయన తన వరండాలో మడత బల్ల వేసేవాడు. బల్ల మీద ఒక స్టీలు డబ్బా, అందులో చేతిరుమాలు చుట్టిన స్టాంపు (ఆఫీసు పేరుండదు, ఆయన పేరూ గెజిటెడ్ ఆఫీసర్ అన్న హోదానే), పక్కన ఊదారంగు ఇంకు ప్యాడ్. వచ్చినవాళ్లు వరసలో నిలబడాలి. చేతులు తడిగా ఉంటే తుడుచుకుని రావాలి. ఒరిజినల్ పక్కన జిరాక్సు పెట్టి, రెండింటి మీదా రెండు చూపుడువేళ్లు ఆనించి, ఒక్కో గడీ చదివేవాడు. మనసులో కాదు, పైకి, లైన్లో ఆఖరివాడికి కూడా వినపడేలా. "తెలుగు, అరవై ఒకటి. ఇంగ్లీషు, నలభై నాలుగు. లెక్కలు..." అని నా పదో తరగతి మెమో దగ్గర ఆగి తలెత్తాడు. "లెక్కలు, ముప్పై ఆరు." నా వెనక పదిమంది ఉన్నారు. వాళ్లలో ఒకడు తర్వాత నాకు బావమరిది అయ్యాడు. ఆ ముప్పై ఆరు గురించి మా అత్తగారింట్లో నాకు ఇప్పటికీ విముక్తి లేదు.

అంతా సరిపోయిందనుకున్నాక కూడా సంతకం పడలేదు. జిరాక్సులో స్కూలు సీలు మూల కాస్త తెగిపోయింది. "పో, మల్ల తీయించుకరా. సగం సీలు మీద నిండు సంతకం నేను పెట్టను" అన్నాడు. స్టేషన్ దాకా పరిగెత్తి మళ్లీ తీయించుకొచ్చాను. సంతకం పెట్టాక ఇంకు ఆరేదాకా కాగితం చేతికిచ్చేవాడు కాదు. బుగ్గలు పూరించి మెల్లగా ఊదేవాడు. ఆ ఊదడం చూస్తూ మేమంతా బడిపిల్లల్లా నిలబడేవాళ్లం.

పైసా తీసుకునేవాడు కాదు. మా అమ్మ ఒకసారి చాయ్ పంపిస్తే గ్లాసు ముట్టలేదు. "సంతకం పెట్టినంక చాయ్ తాగితే గది గూడ లంచమే తల్లీ" అని కబురంపాడు. ఆయన ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. వానాకాలంలో ఒక మూల బకెట్ పెట్టేవాళ్లు. అంత పెద్ద అధికారికి ఈ ఇల్లేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. మాకు రాలేదు. లంచం ముట్టని ఆఫీసర్ గిట్లనే ఉంటడు అని మేమే తేల్చుకున్నాం. కారుతున్న ఆ రేకుల్ని చూపించి పిల్లలకి నీతి కూడా చెప్పాం.

యాభై ఎనిమిదేళ్లు నిండిన రోజు సాయంత్రం ఆటోలో దిగాడు, మెడలో బంతిపూల దండ, భుజాన శాలువా. గల్లీ అంతా ఎదురెళ్లి చప్పట్లు కొట్టింది. మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే నలుగురు కాగితాలతో వచ్చారు. ఆయన వాళ్లని చూసి చేతులు జోడించాడు. "నిన్నటితోని అయిపోయింది. రిటైరైనోని సంతకం చెల్లదు. నియమం నియమమే" అన్నాడు. ఎంత బతిమాలినా బల్ల వేయలేదు. తర్వాత కొన్నాళ్లకి ఎవరి కాగితాల మీద వాళ్లే సంతకం పెట్టుకోవచ్చని ప్రభుత్వం చెప్పినప్పుడు పేపరు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. ముఖమంతా ఎర్రగా ఉంది. "గిదేంది శీనూ? ఎవని సంతకం వాడే పెట్టుకుంటె ఇగ దేశంల నమ్మేటిదెవన్ని?" అని అడిగాడు. నిజంగా బాధపడ్డాడు. నేను మంచినీళ్లిచ్చాను.

రిటైరయ్యాక కూడా నెలకి పది రోజులు సంచి పట్టుకుని బయల్దేరేవాడు. పెన్షన్ పని మీద తిప్పుతున్నారనేవాడు. పెన్షన్ కోసం ఏళ్ల తరబడి తిప్పుతారంటే మా గల్లీలో నమ్మనివాడెవడుంటాడు? పైగా పాపం పెద్దమనిషి అని జాలిపడ్డాం.

ఆయనతో నాకు అసలు పని పడింది నా ఉద్యోగం వచ్చినప్పుడు. చేరే ముందు ఒక గెజిటెడ్ అధికారి దగ్గర నడవడిక పత్రం తేవాలన్నారు. గడువు పదిహేను రోజులు. నాకేం బెంగ, ఇంటి పక్కనే సాబ్ ఉన్నాడు కదా అని మొదటి రోజే ఫారం పట్టుకుని వెళ్లాను.

"గిండ్ల ఏం రాసుందో చదువు" అన్నాడు.

చదివాను. ఇతను గత మూడేళ్లుగా నాకు వ్యక్తిగతంగా తెలుసు, ఇతని నడవడిక మంచిది అని అచ్చువేసి ఉంది.

"మరి నువ్వు నాకు తెల్సా?"

"అదేంది సార్! చిన్నప్పటి సంది మీ కండ్ల ముందటనే తిరుగుతున్న గద."

"గల్లీల మేకలు గూడ నా కండ్ల ముందటనే తిరుగుతయ్. వాటికి రాసియ్యల్నా నడవడిక? పది రోజులాగు. తెల్సుకుంట."

నాకు ఒళ్లు మండింది. కానీ ఏం చేస్తాం? ఆ పది రోజులూ ఆయన ఆఫీసు నుంచి దిగగానే ఇంటికి పోకుండా నా గురించి వాకబు చేశాడు. కిరాణా దుకాణంలో అడిగాడు, యూసుఫ్ భాయ్‌ని అడిగాడు, మా ఇంటికి వచ్చి మా అమ్మని నా ముందే అడిగాడు, మీ పోరడు ఇంట్ల గొంతు లేపుతడా అని. మా అమ్మ నావైపు చూసి, అప్పుడప్పుడు లేపుతడు సార్ అని ఒప్పేసుకుంది. తొమ్మిదో రోజున నన్ను పిలిపించాడు.

"ఇస్త్రీ మల్లయ్య సైకిల్ ఏమైంది?"

పంతొమ్మిదేళ్లప్పుడు మల్లయ్య సైకిల్‌ని అడక్కుండా తీసుకుని ఫలక్‌నుమా వైపు క్రికెట్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లాను. తాళం వేయలేదు. వచ్చేసరికి సైకిల్ లేదు. నడుచుకుంటూ ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. తాగుబోతు తమ్ముడే అమ్ముకున్నాడని మల్లయ్య అనుకున్నాడు. నాలుగేళ్లుగా అన్నదమ్ములకి మాటల్లేవు. ఈ సంగతి నాకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదనుకున్నాను. ఆయన ఎలా పసిగట్టాడో నాకిప్పటికీ అంతుపట్టదు.

"తప్పైంది సార్" అన్నాను.

"నాకు చెప్పుడెందుకు? నేను పోలీసునా? పోయి మల్లయ్యకు చెప్పు. గప్పుడు నాకు తెల్సినోనివైతవ్."

ఆ సాయంత్రం మల్లయ్య బండి దగ్గర గంటసేపు అటూ ఇటూ తిరిగి చివరికి చెప్పాను. మల్లయ్య చేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది, దాంతోనే కొడతాడనుకున్నాను. ఆయన పెట్టె దించాడు. నా ముఖం వైపు చూడకుండానే, కాళ్లకి చెప్పులు కూడా లేకుండా, తమ్ముడుండే గల్లీ వైపు నడిచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న సాబ్ నా ఫారం మీద సంతకం పెట్టాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు ఊదాడు. ఆ పత్రం నా సర్వీసు ఫైల్లోకి వెళ్లింది. నేను ఉద్యోగస్తుణ్ణయ్యాను. ఆయన మీద ఆ రోజు నాకున్న కోపం నెమ్మదిగా గౌరవంగా మారింది, అది ఆయన పోయేదాకా అలాగే ఉంది.

గుండెపోటుతో పోయాడు. పిల్లల్లేరు, భార్య ఒక్కతే. కర్మలన్నీ అయ్యాక నేనే వెళ్లి, "అమ్మా, ఫ్యామిలీ పెన్షన్ సంగతి మీరు ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూసుకుంట" అన్నాను. ఫైళ్లు కదిలించడం తప్ప నాకు ఇంకో విద్య రాదు, ఆ ఒక్క విద్యా ఆయనకి ఉపయోగపడుతుందని సంతోషించాను. బీరువా అంతా వెతికాం. పెన్షన్ పుస్తకం లేదు, ఉద్యోగంలో చేరిన కాగితం లేదు, బదిలీ ఉత్తర్వు ఒక్కటి లేదు. అంత జాగ్రత్తపరుడు అన్నీ ఆఫీసులోనే దాచి ఉంటాడనుకున్నాను. సెలవు పెట్టి మూడు డైరెక్టరేట్లు తిరిగాను. ఎక్కడా ఆ పేరు లేదు. మూడోచోట గుమాస్తా మీద కేకలేశాను. ఫైలు పోగొట్టి, మనిషే లేడంటారా అని లొల్లి చేశాను. అతను ఓపిగ్గా రిజిస్టర్లు నా ముందు పరిచి, "మీరే చూసుకోండన్నా. మీ సారు ఈడ గాదు, ఏడా చెయ్యలే" అన్నాడు.

తోలు సంచి మిగిలింది. ఆమె తెచ్చి ఇచ్చింది. అందులో సన్నటి చాకులు మూడు, మూలల్లో రబ్బరు పొట్టు, ఒక రబ్బరు స్టాంపుల దుకాణం బిల్లుపుస్తకం ఉన్నాయి. చిరునామా చార్మినార్ వెనక గల్లీది. బహుశా తన స్టాంపు అక్కడ చేయించుకుని ఉంటాడు, వాళ్లకి ఆఫీసు పేరు తెలిసి ఉంటుంది అనుకుంటూ గాజుల దుకాణాల జనంలోంచి తోసుకుంటూ వెళ్లాను. ఇంకా నాకు అనుమానం రాలేదంటే నా తెలివి ఎంతో చూడండి.

బీరువా అంత దుకాణం. తెల్ల గడ్డం ముసలాయన ఒక్కడే ఉన్నాడు. ఫొటో చూపించాను.

"అరె, ఉస్తాద్!" అన్నాడు, కళ్లు మెరిశాయి. "ఎట్లున్నడు? మస్తు దినాలాయె, రాలే."

పోయాడని చెప్పాను. ఆయన దువా చదివి, ముఖం తడుముకుని, నేల మీదున్న పొట్టి పీట చూపించాడు.

"ముప్పై ఏండ్లు గీడనే కూసున్నడు. రబ్బర్ మీద ఉల్టా అక్షరాలు కోసుడు ఉస్తాద్ లెక్క ఎవ్వనికి రాదు. జడ్జి సాబ్‌లకు, డాక్టర్ సాబ్‌లకు, అందరికి స్టాంపులు జేసిండు. ఒక్క అక్షరం తప్పు పోలే."

"సఫారీ సూట్‌ల వస్తుండె గద?"

"హౌ. వచ్చి ఆ మేకుకు తగిలిస్తుండె, లుంగీ కట్టుకుంటుండె. పెద్దమనిషి తరీఖా. పని చాలిస్తనన్న రోజు మేమే పూలదండ ఏసి, శాలువా కప్పి, ఆటో ఎక్కించినం. తర్వాత గూడ నెలకు కొన్ని దినాలు వచ్చి బారీక్ పని, సన్న అక్షరాలు కోసుడు, చేసి పోతుండె."

దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. ముసలాయన నీళ్లు తాగించాడు. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. నా మార్కులు పైకి చదివినవాడు, మూల తెగిన సీలుకి నన్ను పరిగెత్తించినవాడు, మల్లయ్య దగ్గరికి నన్ను తోసినవాడు, ఆ మేకుకి చొక్కా తగిలించి ఈ పీట మీద కూర్చున్నాడు. పంద్రాగస్టుకి జెండా ఎగరేసింది ఈయనే. ఈయన కాదన్నందుకు గడువు దాటిపోయి సీట్లు పోగొట్టుకున్న పిల్లలున్నారు. కాదనడానికి ఈయనెవరు? ఆ ఒక్క ప్రశ్న దగ్గర నాకు విపరీతమైన కోపం వచ్చింది. చచ్చిన మనిషి మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బస్సులో కండక్టర్‌తో గొడవపడ్డాను.

సాబ్ భార్యకి చెప్పకుండా ఎలా? వరండాలో కూర్చుని వంకాయలు తరుగుతోంది. చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"ఆఫీసర్ గాదా?"

"కాదమ్మా."

"పెండ్లి జేసిన దినం సంది గట్లనే చెప్పిండు గద."

జారిపోయిన వంకాయ తీసి ఆమె పళ్లెంలో వేశాను.

"మరి గిన్నేండ్లు నేను టిఫిన్ ఎవనికి కట్టిన బిడ్డా?" అంది. నావైపు కాదు, గోడవైపు చూస్తూ. "డైరెక్టర్ సార్ పక్కన కూసొని తినాలె, వాసన రావద్దు అంటుండె. ముప్పై ఏండ్లు ఇంట్ల వెల్లిపాయ ముట్టలే నేను. నాకు వెల్లిపాయ కారమంటె పానం."

లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నేను చేసింది క్షమించరానిది. అంత బరువు కడుపులో పెట్టుకోలేక, సెలూన్‌లో కూర్చుని యూసుఫ్ భాయ్‌కి మొత్తం కక్కేశాను. ఎవరికీ చెప్పకు అని కూడా అన్నాను. సెలూన్‌లో చెప్పి దాచమనడం నా తెలివితక్కువతనం. రెండు రోజుల్లో సంగతి జహనుమా దాటింది, వారంలో ఫోన్లలోకి ఎక్కింది.

జనం తిడతారనుకున్నాను. వరండా మీద రాళ్లు పడతాయేమోనని భయపడ్డాను కూడా. జరిగింది చూసి నోరెళ్లబెట్టాను. ఇళ్లలో ట్రంకుపెట్టెలు తెరిచి పాత జిరాక్సులు బయటికి తీశారు. కిరాణా దుకాణదారు తన కొడుకు కుల ధ్రువపత్రాన్ని లామినేషన్ చేయించి, పచ్చ సంతకం కనపడేలా గల్లాపెట్టె మీద వేలాడదీశాడు. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా నన్ను గూడ మోసం చేసిండు అని ఛాతీ విరుచుకుని చెప్పుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో బండ్లేసుకుని వచ్చి వరండాలో సెల్ఫీలు దిగారు. ఎవడో తలుపు కొట్టి, ఆంటీ, ఆ మడత బల్ల జర బయట పెడతారా, వీడియో తీసుకుంటం అని అడిగాడు. ఆమె తలుపేసుకుంది. తర్వాత ఇల్లు తాళం వేసి జహనుమాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తాళాన్ని కూడా ఫొటోలు తీశారు.

అందుకే ఆ రోజు సెలూన్‌లో నాకు ఆగలేదు. యూసుఫ్ భాయ్ కత్తి నా గొంతు దగ్గర ఉందన్న సంగతి కూడా మర్చిపోయి అడిగేశాను.

"యూసుఫ్ భాయ్, మీ చెల్లె సబీహా నర్సింగ్ సీటు పోయింది ఆయన వల్లనే గద? కాలేజీల ఒరిజినల్ ఇయ్యలేదంటె ఆయన సంతకం పెట్టలే. మీ అమ్మ ఆయన వరండాల ఏడ్చింది. నేనున్న గద ఆ దినం. మరి నువ్వు గిట్ల నవ్వుతవేంది?"

యూసుఫ్ భాయ్ కత్తిని తువ్వాలుకి తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"పోయింది అన్నా. అసలు ఆఫీసర్ దగ్గరికి పోతె గూడ పోతుండె, గేట్ కాడ్నే. మా అమ్మీకి ఇప్పటికి గది రంది. గంత పెద్ద ఉస్తాద్ ఊరందరిని బక్రాలను జేసిండు, గండ్ల మేము గూడ ఉన్నం అని చెప్పుకుంటె జర ఇజ్జత్ ఉంటది. ఉత్తగ పోయిందంటె ఏముంటది చెప్పు?"

నేను తల మళ్లీ వెనక్కి వాల్చాను. ఆయన మిగతా గడ్డం చాలా నెమ్మదిగా గీశాడు.

ఆ వీడియో మా ఆఫీసుకీ చేరింది. మా సూపరింటెండెంటు భోజనాల వేళ అందరికీ చూపిస్తూ, "ఏం బుర్రయ్యా! ఇట్లాంటోడు మన సెక్షన్ల ఒక్కడుంటే పెండింగే ఉండకపోవు" అని పొగిడాడు. అంతలో ఆయనకి ఏదో తట్టింది.

"శ్రీనివాస్, నువ్వుండేది ఉప్పుగూడల గద? నీ నడవడిక పత్రం ఎవరిచ్చిండ్రు?"

నా టిఫిన్ డబ్బాకి మూత పెట్టేశాను. ఆయన నా ముఖం చూసి, బీరువా తెరిచి, నా సర్వీసు ఫైలు తీశాడు. మొదట్లోనే ఉంది ఆ కాగితం. పద్దెనిమిదేళ్లయినా పచ్చ ఇంకు వెలిసిపోలేదు. సెక్షన్ మొత్తం నా చుట్టూ మూగింది. ఒకమ్మాయి ఫొటో తీయబోతే సూపరింటెండెంటు వద్దన్నాడు. అందరి ముఖాల్లోనూ సరదా. వచ్చే నెల నా ప్రమోషన్ ఫైలు పైకి వెళ్లాలి. తప్పుడు పత్రంతో చేరాడని పైవాడెవడైనా రాస్తే ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉద్యోగమే పోతుంది. పిల్ల ఇంటర్ రెండో ఏడు.

అందరూ వెళ్లాక సూపరింటెండెంటు గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు. తప్పు నీది గాదు. నాలుగు రోజుల్ల ఇంకో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర కొత్తది తీసుకరా. ఇది తీసేసి అది పెట్టేస్త. ఎవరికీ తెల్వది" అన్నాడు. ఆయన మంచివాడే.

పై అంతస్తులో వేరే శాఖ అధికారి ఒకాయన ఉంటాడు. లిఫ్టులో ఒకటి రెండుసార్లు చూశానేమో, అంతే. సూపరింటెండెంటు ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి బంట్రోతు ఆపలేదు. గది చల్లగా ఉంది. ఆయన సెల్‌ఫోన్లోంచి తల ఎత్తకుండా కూర్చోమని సైగ చేశాడు. ఫారం ఆయన ముందు పెట్టి, ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

"ఏంటి, ఆ గ్రీన్ ఇంక్ ఆయనా?" ఫోను పక్కన పడేశాడు. "మీ వీధిలోనా? మీరు స్వయంగా చూశారా? చెప్పండి, చెప్పండి. నిజంగా రోజూ బల్ల వేసేవాడా?"

చెప్పాను. ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. చాయ్ తెప్పించాడు. నేను తాగాను. చెప్పమన్న కొద్దీ చెప్పాను, మార్కులు పైకి చదవడం, ఇంకు మీద ఊదడం, మేకుకి తగిలించిన సఫారీ. నా నడవడిక కోసం పది రోజులు గల్లీ అంతా తిరిగాడని చెప్పినప్పుడు ఆయనకి నవ్వాగక కళ్లలో నీళ్లొచ్చాయి. "పది రోజులా! మహానుభావుడండీ! సినిమా తీయొచ్చు" అని కళ్లు తుడుచుకుంటూ, ఆ చేత్తోనే పెన్ను తీసి ఫారం మీద సంతకం పెట్టాడు. చదవలేదు. స్టాంపు బంట్రోతు వేశాడు.

"ఇక్కడ ఖాళీ ఉంది చూడండి" అన్నాడు. "మీరు నాకు వ్యక్తిగతంగా ఎన్నేళ్లుగా తెలుసు అని. ఎంత వేద్దాం?"

"మూడేళ్లు చాలు సార్. అంతే అడుగుతారు."

"ఐదు వేస్తానండీ. గట్టిగా ఉంటుంది."

ఐదు వేశాడు. పై గీత దగ్గరికి వెళ్లి, పెన్ను ఆపి, మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"అన్నట్టు, మీ పేరు?"

పేరు చెప్పాను.